పొమ్మనలేక పొగ పెట్టకండి

రాత్రి రెండు గంటలు. పాపకు పాలిస్తూ కూర్చున్నాను. పాప పుట్టి ఆరో రోజు. న్యూజెర్సీలో ఏప్రిల్ చివరికి కూడా చలి పూర్తిగా వదలదు, అందుకని కుర్చీని కింది హాల్లోని చిమ్నీ పైకి పోయే గోడకు ఆనించి వేసుకున్నాను. ఆ గోడలోంచి ఏడుపు వినిపించింది. నా పాపది కాదు, పాప నా ఒళ్ళోనే ఉంది. సన్నగా, కీచుగా, గొంతులో గులకరాయి దొర్లుతున్నట్టు ఉందా ఏడుపు. ఒకటి మొదలుపెడితే ఇంకోటి అందుకుంటోంది. కాసేపటికి ఏదో బరువైనది ఇటుకల మీద జరిగిన చప్పుడు. ఏడుపులన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. పాలు అందిన పిల్లలే అలా ఆగుతారు. ఆరు రోజుల తల్లిని, ఆ మాత్రం నాకు అప్పటికే తెలుసు.

నాకు పురుడు పొయ్యడానికి రామచంద్రపురం దగ్గర మా ఊరి నుంచి అమ్మ వచ్చింది. పొద్దున్నే ఆవిడకు చెప్పాను. గోడకు చెవి ఆనించి చాలాసేపు నిలబడింది. "ఇది ఎలక కాదే అమ్మాయ్. మన పెంకుటింటి అటక మీద మానుపిల్లి పిల్లలు పెట్టినప్పుడు ఇలాగే ఉండేది. నీలాగే ఎవరో బాలింత," అంది.

అమ్మ చెప్పింది నిజమే, అది బాలింతే. కాకపోతే లోపలున్నది మానుపిల్లి కాదు, రకూన్. ఈ దేశంలో పాత ఇల్లు కొనుక్కున్న మనవాళ్ళలో చాలామందికి ఏదో ఒక వసంతంలో ఈ అతిథి తగులుతుంది. అప్పుడు కంగారులో చేసే పని రెండు కుటుంబాలకూ కీడు చేస్తుంది. ఆ కంగారును ఒక వారం రోజులు పక్కన పెట్టడం ఎలాగో మీకు చెప్పాలని ఈ అధ్యాయం రాస్తున్నాను.

రకూన్ మన దేశపు జంతువు కాదు, ఉత్తర అమెరికాది. పిల్లి జాతీ కాదు, కుక్క జాతీ కాదు. పెద్దది 4 నుంచి 9 కిలోల బరువుంటుంది. కళ్ళ చుట్టూ నల్లటి గంత కట్టినట్టు మచ్చ, తోకకు ఉంగరాలు తొడిగినట్టు నల్లటి కట్లు. దాని పేరు వర్జీనియా తీరంలోని పౌహాటన్ ప్రజల భాషలోంచి ఇంగ్లీషులోకి వచ్చింది. చేతులతో గోకేది అని అర్థం చెబుతారు. దాని విశేషమంతా నిజంగా ఆ చేతుల్లోనే ఉంది. అయిదేసి వేళ్ళు. చీకట్లో, నీళ్ళలో, కంటితో పని లేకుండా తడిమి చూసి ఏది తినేదో ఏది కాదో తేల్చుకుంటుంది. వెనక పాదాలు వెనక్కి తిరుగుతాయి గనక చెట్టు మీంచి తలకిందులుగా దిగగలదు. మా గరాజు పక్కన వాననీటి గొట్టం మీద మట్టి మరకలున్నాయని ఆ ఉదయం మా ఆయన చూపించారు. దగ్గరికెళ్ళి చూస్తే అవి మరకలు కావు, చేతిముద్రలు. పసిపిల్ల గోడ పట్టుకుని లేచి నిలబడ్డట్టు ఒకదాని మీద ఒకటి పైకి పోతున్నాయి.

అది అడవిలో పిల్లలు పెట్టడానికి వెతుక్కునేది తొర్ర ఉన్న ముసలి చెట్టును. కాలనీల్లో అలాంటి చెట్లను కొట్టేశాం. మూత లేని ఇటుక చిమ్నీ దానికి అచ్చం తొర్రచెట్టే. పైన సన్నటి నోరు, లోపల చీకటి, వెచ్చదనం, కుక్కలకు అందని ఎత్తు. చిమ్నీ లోపల ఏముంటుందో ఇక్కడే తెలుసుకోండి, తర్వాత అవసరం పడుతుంది. కింద మంట వేసే గూడు. దాని నెత్తిన ఇనుప తలుపు, దాన్ని డ్యాంపర్ అంటారు. ఆ తలుపు వెనక ఇటుకలతో కట్టిన చిన్న అరుగు, దాని పేరు స్మోక్ షెల్ఫ్. అక్కణ్ణించి కప్పు మీదికి మట్టి పెంకుల గొట్టం. తల్లి రకూన్ పిల్లల్ని పెట్టుకునేది ఆ అరుగు మీద. అంటే మీరు మంట వేసే చోటికీ వాటి పక్కకూ మధ్య ఉన్నది ఒక్క రేకు.

రకూన్లు జనవరి నుంచి మార్చి దాకా జతకడతాయి. దాదాపు తొమ్మిది వారాలు మోసి, ఎక్కువగా ఏప్రిల్, మే నెలల్లో పిల్లల్ని కంటాయి. ఒక ఈతకు సాధారణంగా మూడు, నాలుగు. పుట్టినప్పుడు ఒక్కో కూన బరువు వంద గ్రాములు కూడా ఉండదు. కళ్ళు తెరవడానికి మూడు వారాలు. తల్లి వెంట బయటికి రావడానికి ఎనిమిది నుంచి పది వారాలు. తండ్రికి ఇందులో ఏ పనీ లేదు, అన్నీ తల్లే. అందుకే వసంతంలో మీ చిమ్నీలో ఒక్క రకూనే కనబడినా, దాని వెనక పిల్లలున్నాయనే అనుకుని మొదలుపెట్టండి.

అయితే చిమ్నీలో చప్పుడల్లా రకూన్ కాదు. ముందు అది తేల్చుకోవాలి. రాత్రి బరువుగా జరిగే చప్పుడు, చీకటి పడేవేళ గొట్టం లోపల పైకి పాకుతున్న గీరుడు, గులకరాళ్ళు దొర్లినట్టు పిల్లల ఏడుపు ఉంటే రకూన్. పగటిపూట గిజగిజమని గబగబా కిచకిచలు, మధ్యమధ్య దూరంగా ఉరిమినట్టు రెక్కల హోరు ఉంటే అది చిమ్నీ స్విఫ్ట్ అనే చిన్న పక్షి. చలికాలం అమెజాన్ నదీ ప్రాంతంలో గడిపి, వసంతంలో ఇంత దూరం ఎగిరొచ్చి, పుల్లల్ని తన ఎంగిలితో గోడకు అతికించి గూడు కడుతుంది. 1918 నాటి వలస పక్షుల చట్టం దానికి రక్షణ. గుడ్లో పిల్లలో ఉన్న గూటిని కదిలించడం నేరం. అవి ఎగిరిపోయేదాకా ఆగాల్సిందే. స్విఫ్ట్ అయితే ఈ అధ్యాయంలో చెప్పే తరిమే పద్ధతులేవీ మీకు పనికిరావు. డ్యాంపర్ మూసుకుని, వేసవి చివరిదాకా వాటి మానాన వాటిని ఉండనివ్వండి.

మాకు మొదట తోచింది పొగ. ఫోన్‌లో మాట్లాడిన ఒక పనివాడు కూడా అదే సలహా ఇచ్చాడు, చిన్న మంట వేస్తే పొగకు అదే పోతుందని. పొమ్మనలేక పొగ పెట్టడం మన సామెత గనక ఆ మాట చెవికి ఎంతో సహజంగా తోస్తుంది. మా ఆయన గరాజులోంచి రెండు కట్టెలు కూడా తెచ్చారు. తెస్తే అమ్మ డ్యాంపర్ కింద నిలబడి పైకి చూపించి, "పాకడం కూడా రాని పిల్లలు బాబూ, ఎక్కడికి పోతాయి?" అని అడిగింది.

ఎక్కడికీ పోవు. పొగ లేస్తే తల్లి పైకి ఎక్కి తప్పించుకోవచ్చు. కళ్ళు తెరవని కూనలు అరుగు మీదే ఊపిరాడక చస్తాయి. కొన్నిసార్లు తల్లి పిల్లల్ని వదలలేక అక్కడే కాలుతుంది. ఆ తర్వాత మీకు మిగిలేది చిమ్నీలో కుళ్ళే కళేబరాలు, వాటి వాసన, వాటిని తీయించడానికి గోడ పగలగొట్టే ఖర్చు. పైగా గొట్టానికి అడ్డంగా ఆకులూ చెత్తా ఉంటే పొగ ఇంట్లోకే తిరిగొస్తుంది. దాంతోపాటు కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, దానికి రంగూ వాసనా లేవు. పాత మసికి నిప్పంటుకుంటే చిమ్నీయే తగలబడుతుంది. ఇంకొక్క మాట కూడా ఇక్కడే చెప్పాలి. మీ గ్యాస్ ఫర్నేసు, వేడినీళ్ళ ట్యాంకు పొగ కూడా అదే చిమ్నీ గుండా పోతుంటే, ఏ గొట్టంలో జంతువు ఉందో ఆ రోజే మనిషిని పిలిచి చూపించుకోండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం పనిచేస్తోందో లేదో మీట నొక్కి చూడండి. మిగతావన్నీ మర్నాడు చేసుకోవచ్చు, ఇది మాత్రం అప్పుడే.

రెండోసారి తోచేది బోను. ఇంకో పనివాడు బోను పెట్టి పట్టుకుపోయి దూరంగా అడవిలో వదిలేస్తానన్నాడు. వినడానికి దయగా ఉంది. చంపడం లేదు కదా, విడిచిపెడుతున్నాం కదా అనిపిస్తుంది. కానీ బోనులో పడేది తల్లి. అరుగు మీద మిగిలేది పిల్లలు. రెండు రోజుల్లో వాటి ఏడుపు పెద్దదై, తర్వాత చిన్నదై, ఆగిపోతుంది. తెలియని అడవిలో వదిలిన తల్లికి అక్కడ ఎక్కడ తిండి ఉందో, ఎక్కడ దాక్కోవాలో తెలియదు.

దూరం తీసుకెళ్ళి వదలడంలో ఇంకా పెద్ద ప్రమాదం ఒకటుంది. నాకు ఇది తెలిసినప్పుడు ఒళ్ళు జలదరించింది. 1970ల దాకా రకూన్ల రేబిస్ ఫ్లోరిడా, జార్జియా చుట్టుపక్కల ఆగ్నేయ రాష్ట్రాల్లోనే ఉండేది. వేటగాళ్ళ సరదా కోసం ఆ వైపు నుంచి రకూన్లను పట్టి తెచ్చి వర్జీనియా, వెస్ట్ వర్జీనియా సరిహద్దుల్లో వదిలారు. 1977లో అక్కడ రేబిస్ బయటపడింది. 1989కల్లా న్యూజెర్సీకి చేరింది. ఇప్పుడు ఫ్లోరిడా నుంచి మెయిన్ దాకా తూర్పు తీరమంతా ఉంది. అది పడమటికి పాకకుండా 1990ల నుంచి ప్రభుత్వం విమానాల్లోంచి మందు పెట్టిన ఎరలు జారవిడుస్తోంది. కొన్ని బోనుల రకూన్లు చేసిన ప్రయాణానికి ఇంత మూల్యం. అందుకే చాలా రాష్ట్రాల్లో పట్టిన జంతువును మరో చోట వదలడం చట్టవిరుద్ధం. మసాచుసెట్స్‌లో మీ స్థలం దాటించి వదలకూడదు. కెనడాలో ఒంటారియో వాళ్ళయితే పట్టిన చోటికి ఒక కిలోమీటరు లోపలే వదలమంటారు. బోను పట్టుకుని వచ్చినవాడిని ముందు ఈ ఒక్క ప్రశ్న అడగండి: పిల్లల్ని ఏం చేస్తావు? తడబడితే తలుపు దగ్గరే పంపించెయ్యండి.

పొగా వద్దు, బోనూ వద్దు, మరేం చెయ్యాలి?

ఆ సాయంత్రం కాఫీ తాగుతూ అమ్మ అంది: "పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుంది కదే. దీనికి మాత్రం ఇంకో ఇల్లు ఉండదా?" ఈ దేశంలో వన్యప్రాణుల పని తెలిసినవాళ్ళు చెప్పేదీ అదే. తల్లి రకూన్ ఎప్పుడూ ఒక్క చోటినే నమ్ముకోదు. చుట్టుపక్కల ఒక తొర్రో, ఒక పాత షెడ్డు అడుగో, ఎవరి అటకో చూసి పెట్టుకునే ఉంటుంది. ఇక్కడ పిల్లలకు నెమ్మది లేదనిపిస్తే ఒక్కోదాన్ని మెడ దగ్గర పళ్ళతో పట్టుకుని తనే మోసుకుపోతుంది. పిల్లల్ని మనం ముట్టుకోనక్కర్లేదు, తల్లిని పట్టుకోనక్కర్లేదు. ఆ చోటు ఇక క్షేమం కాదని దానికి అనిపించేలా చెయ్యాలి. మోసుకుపోవడానికి దారీ, చీకటీ, సమయమూ ఇవ్వాలి.

మేము చేసింది చెబుతాను. డ్యాంపర్ గట్టిగా మూసి ఉందని చూసుకున్నాం. అది తెరిస్తే పిల్లలు మన హాల్లో పడతాయి, వాటి వెనకే తల్లి దిగుతుంది, అప్పుడు అది మీరు ఎప్పుడూ చూడనంత కోపంగా ఉంటుంది. గూటి ముందు అట్టపెట్టెల అట్ట అడ్డం పెట్టి అంచులకు టేపు వేశాం. లోపల ఒక స్టూలు, దాని మీద గిన్నె, గిన్నెలో యాపిల్ సైడర్ వెనిగర్‌లో ముంచిన పాతగుడ్డలు. ఆ ఘాటు డ్యాంపర్ సందుల్లోంచి పైకి పోతుంది. కొందరు అమ్మోనియా పెట్టమంటారు. నేను వద్దంటాను. కదల్లేని కూనల ముక్కూ ఊపిరితిత్తులూ దానికి తట్టుకోవు, మా ఇంట్లో ఇంకో ఆరు రోజుల ఊపిరితిత్తులు కూడా ఉన్నాయి. గిన్నె పక్కన వేడెక్కని ఎల్‌ఈడీ దీపం. దాని పక్కన మాట్లాడే గొంతు.

గొంతు ముఖ్యం. పాటలకన్నా మాటలు మేలు, ఎందుకంటే రకూన్ భయపడేది మనిషికి. రేడియోలో వార్తల స్టేషనో, చర్చల స్టేషనో పెట్టమని చెబుతారు. మా ఇంట్లో రేడియో లేదు. అమ్మ తన ఫోన్‌లో రోజూ వినే భాగవత ప్రవచనం పెట్టి గూట్లో ఉంచింది. రకూన్‌కు ఏ భాషయినా ఒకటే, మనిషి గొంతయితే చాలు. మరీ హోరెత్తించకండి. పక్కగదిలో మనుషులు కూర్చుని మాట్లాడుకుంటున్నంత చాలు, కానీ ఆగకూడదు.

ఇవన్నీ మొదలుపెట్టాల్సింది పొద్దుగూకే ముందు. చాలామంది పొరపాటు చేసేది ఇక్కడే. పొద్దున్నే మొదలుపెడతారు. పట్టపగలు పిల్లల్ని నోట కరుచుకుని రోడ్డు దాటడానికి ఏ తల్లీ ఒప్పుకోదు. దాంతో లోపలే బిక్కుబిక్కుమంటూ కూర్చుని, సాయంత్రానికి ఆ చప్పుడుకు అలవాటుపడిపోతుంది. సాయంత్రం మొదలుపెడితే దాని ముందు రాత్రంతా ఉంటుంది. ఆ రాత్రికి మీ పెరటి దీపాలు ఆర్పెయ్యండి. కుక్క ఉంటే లోపలే ఉంచండి. చూద్దామని వరండాలో నిలబడకండి. మీరు నిలబడినంతసేపూ అది కదలదు.

ఆ రాత్రి పాప ఒంటిగంటకు లేచింది. గదిలో దీపం వెయ్యకుండా కిటికీ పక్కన కూర్చున్నాను. అక్కణ్ణించి గరాజు కప్పు కనిపిస్తుంది. మొదట దాని వీపు కనిపించింది, గూనిగా, నిదానంగా. కప్పు అంచుకు వచ్చి ఆగి గాలి వాసన చూసింది. నోట్లో ఏదో ఉంది, బూడిదరంగు మేజోడు ముద్దలా. గొట్టాన్ని నాలుగు చేతులతో కావలించుకుని తలకిందులుగా దిగింది, నోట్లోది గొట్టానికి తగలకుండా మెడ పక్కకు తిప్పుకుని. చీకట్లో కలిసిపోయింది. దాదాపు నలభై నిమిషాలకు ఖాళీ నోటితో తిరిగొచ్చింది. పాప పాలు తాగి పడుకుంది గానీ నేను లేవలేదు. అమ్మ కూడా వచ్చి వెనక నిలబడింది. తెల్లవారేలోపు అలా మూడుసార్లు దిగింది.

పొద్దున్న చిమ్నీ నిశ్శబ్దం. మా ఆయన ఆ రోజే మూత వేయించేద్దామన్నారు. మనకందరికీ అలాగే ఉంటుంది. పని అయిపోయిందని తోచగానే ముగించెయ్యాలనిపిస్తుంది. అమ్మ ఒప్పుకోలేదు. "మూడు మనం చూసినవి. చూడనిది ఉందేమో. రెండు రాత్రులు ఆగితే మన సొమ్మేం పోయింది?" అంది. ఆగాం. సాయంత్రం నాలుగింటికి ప్రవచనం మధ్యలో గూట్లోంచి ఒకే ఒక్క గొంతు వినిపించింది, సన్నగా. నాలుగోది. మధ్యాహ్నమే మూత బిగించి ఉంటే అది లోపలే ఉండిపోయేది. ఆ రాత్రి దాన్ని కూడా తీసుకుపోయింది.

అన్ని ఇళ్ళలో రెండు రాత్రుల్లో తేలకపోవచ్చు. మూడు, నాలుగు రాత్రులు పట్టవచ్చు. మధ్యలో పెద్ద వాన వస్తే తల్లి ఆగుతుంది, మీరూ ఆగండి. అప్పటికీ కదలకపోతే మగ రకూన్ వాసన ఉన్న ద్రవం దొరుకుతుంది, దాన్ని వాడటం తెలిసిన మనిషిని పిలవండి. తెలియని మగది పిల్లల్ని చంపవచ్చు గనక ఆ వాసనకు తల్లి చోటు మారుస్తుంది. మీకు తొందర లేకపోతే ఇంకో దారి ఉంది, అది అన్నిటికన్నా మెత్తనిది. ఏమీ చెయ్యకండి. ఎనిమిది, పది వారాలకు పిల్లలు తల్లి వెంట నడిచి వాటంతటవే వెళ్ళిపోతాయి. ఎండాకాలంలో ఎలాగూ మంట వెయ్యరు. ఆ కొద్ది వారాల చప్పుడు ఓర్చుకోగలిగితే అంతకన్నా మంచి పద్ధతి నాకు తెలియదు. పసిబిడ్డ లేకపోతే నేనూ అదే చేసేదాన్ని.

కొత్త ఇళ్ళలో చిమ్నీ గొట్టం ఇటుక కాదు, రేకు. నున్నటి రేకు మీద రకూన్ గోళ్ళు ఆగవు. అందులో ఉన్నది ఎక్కిరాలేక పడిపోయిన జంతువే అయి ఉంటుంది, కాపురం పెట్టింది కాదు. దానికి వెనిగర్, రేడియో హింస తప్ప మరేం కావు. పైనుంచి లావుపాటి తాడు దించితే పట్టుకుని ఎక్కుతుంది. కానీ కప్పు మీదికి మీరు ఎక్కకండి. ఆ పని నిచ్చెనా నడుం తాడూ ఉన్నవాళ్ళది.

ఒకవేళ తల్లి చనిపోయిందని మీకు ఖాయంగా తెలిసి, పిల్లలు మిగిలిపోతే, వాటికి పాలు పట్టబోకండి. రాష్ట్రం లైసెన్సు ఇచ్చిన వన్యప్రాణి సంరక్షకులు ఉంటారు. మీ రాష్ట్ర వన్యప్రాణి శాఖకు ఫోన్ చేస్తే చెబుతారు. కూనను పెంచుకోవాలన్న ఆశ పిల్లలకే కాదు, పెద్దలకూ పుడుతుంది. 1926లో థాంక్స్‌గివింగ్ విందులో వండుకోమని మిసిసిపీ నుంచి అధ్యక్షుడు కూలిడ్జ్‌కు ఒక రకూన్‌ను పంపితే, ఆ దంపతులు దాన్ని తినలేక రెబెకా అని పేరు పెట్టి వైట్‌హౌస్‌లో పెంచుకున్నారు. చివరికి అది కూడా జూకే చేరింది. పెద్దదయ్యాక రకూన్ ఇంటి మనిషి కాలేదు.

ఇప్పుడు ఆరోగ్యం. ఇందులో రెండు సంగతులు మాత్రం బాగా గుర్తుపెట్టుకోండి.

రేబిస్ అంటే మనకు వీధి కుక్కే గుర్తొస్తుంది. అమెరికాలో రేబిస్ బయటపడే జంతువుల్లో నూటికి తొంభైకి పైగా అడవివే: గబ్బిలాలు, రకూన్లు, స్కంకులు, నక్కలు. పగలు కనబడినంత మాత్రాన రకూన్‌కు రేబిస్ ఉన్నట్టు కాదు. పాలిచ్చే తల్లికి ఆకలెక్కువ, రాత్రి తిండి చాలక పగలు కూడా తిరుగుతుంది. తూలుతూ నడిచినా, గుండ్రంగా తిరిగినా, మనిషిని చూసి తప్పుకోకపోయినా అప్పుడు అనుమానించి జంతు నియంత్రణ వాళ్ళను పిలవండి. కరిచినా రక్కినా ఆ చోటిని సబ్బుతో, పారే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడిగి ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. గాయం చుట్టూ ఇమ్యూన్ గ్లోబ్యులిన్, దాంతోపాటు 0, 3, 7, 14వ రోజుల్లో టీకా ఇస్తారు. మన ఊళ్ళలో పూర్వం బొడ్డు చుట్టూ పొడిచేవారే, ఆ భయం ఇప్పుడు అక్కర్లేదు. ఆలస్యానికి మాత్రం భయపడాలి. లక్షణాలు మొదలయ్యాక వైద్యం దాదాపు లేనట్టే.

రెండోది దాని పెంట. రకూన్లు ఒకే చోటికి మళ్ళీ మళ్ళీ వెళతాయి. చెట్టు మొదలు, కప్పు మూల, పెరటి చెక్క అరుగు కింద చూడండి. అందులో ఒక నులిపురుగు గుడ్లుంటాయి, బేలిసాస్కారిస్ అంటారు. అరుదే గానీ పిల్లల నోట్లోకి పోతే మెదడుకు ఎక్కుతుంది. ఆ గుడ్లు బయటపడ్డ రోజే ప్రమాదకరం కావు, రెండు నుంచి నాలుగు వారాలకు అవుతాయి. కనబడగానే తీసేస్తే చాలావరకు బెడద తప్పినట్టే. చేతులకు తొడుగులు, ముఖానికి ఎన్95 మాస్కు వేసుకుని, దుమ్ము లేవకుండా ముందు తడిపి, పారతో తీసి సంచిలో కట్టి, ఆ చోట మరిగే నీళ్ళు పొయ్యండి. బ్లీచింగ్‌కు ఆ గుడ్లు చావవు. మరిగే నీళ్ళకే చస్తాయి. పిల్లలు ఆడే ఇసుక తొట్టికి మూత వెయ్యండి.

ఇక అది మళ్ళీ రాకుండా చూసుకోవడం. పిల్లికని పెరట్లో అన్నం పెట్టినా, చెత్తబుట్ట మూత వదులుగా ఉన్నా రకూన్‌ను మనమే పిలిచినట్టు. టొరంటో నగరం 2016 నుంచి వీటి కోసమే తాళం తిప్పే చెత్తడబ్బాలు ఇంటింటికీ ఇచ్చింది. కప్పుకు ఆనిన కొమ్మలు కొట్టించండి.

చివరి పని మూత. చిమ్నీ శుభ్రం చేసే మనిషిని పిలిచేటప్పుడు చిమ్నీ సేఫ్టీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెరికా సర్టిఫికెట్ ఉందా అని అడగండి. మొదట లోపల కెమెరా దించి ఏ ప్రాణీ మిగల్లేదని చూడాలి. తర్వాత అరుగు మీది చెత్త తియ్యాలి. ఆ తర్వాతే మూత. స్టెయిన్‌లెస్ స్టీలుది, చుట్టూ గట్టి జాలీ ఉన్నది, గొట్టానికి బోల్టులతో బిగించేది కావాలి. పల్చటి తీగ వల చుట్టి వదిలేస్తే ఆ చేతుల ముందు ఒక్క రాత్రి కూడా నిలవదు. స్విఫ్ట్ పక్షుల మీద ప్రేమ ఉన్న కొందరు మూతను చలికాలంలో వేసి వసంతంలో తీస్తారు. అలాగైతే రకూన్లు చోటు వెతుక్కునే నెలలు దాటాకే తియ్యండి.

మా చిమ్నీకి వచ్చిన ఆయన అరుగు మీంచి తీసిన గూడు చూపించాడు. నేను పెద్ద గూడు ఊహించుకున్నాను. గుప్పెడు ఎండుటాకులు, దాని సొంత బొచ్చు కొంత, అంతే. మూత బిగించాక దిగొచ్చి ఒక మాట చెప్పాడు: ఈ రెండు మూడు రాత్రులు వినండి, తల్లి తిరిగొచ్చి మూతను పీకుతోందంటే లోపల ఏదో మిగిలిందని అర్థం, అర్ధరాత్రయినా నాకు ఫోన్ చెయ్యండి, వచ్చి తీస్తాను.

చీకటి పడ్డాక అమ్మ కుర్చీని కిటికీ పక్కకు లాక్కుని శాలువా కప్పుకుని కూర్చుంది. నేను పడుకోమన్నా పడుకోలేదు. ఆ రాత్రి కప్పు మీదికి ఎవరూ రాలేదు. పాప మాత్రం రెండింటికి లేచింది.